అప్పీలులో సాక్ష్యాన్ని మళ్లీ తూస్తారా?

ప్రశ్న: సార్, మాది పరకాల దగ్గర ఒక పల్లె. మా ఆయనకు హత్య కేసులో హనుమకొండ సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసి నెల దాటింది. ఇప్పుడు చర్లపల్లి జైల్లో ఉన్నాడు. చనిపోయినాయనా, మా ఆయనా కలిసి పత్తి వ్యాపారం చేసేవారు. లెక్కల దగ్గర గొడవైన మాట నిజం. చంపడం చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఆ సాయంత్రం ఇద్దరినీ కల్లు మండువ దగ్గర చూశానని ఒకాయన సాక్ష్యం చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం శవం కాలువ గట్టు మీద దొరికింది. మా కొట్టంలో గొడ్డలి దొరికిందని, ఫోన్ టవర్ అక్కడే చూపించిందని తీర్పులో రాశారు. పంచనామా మీద సంతకం పెట్టిన ఇద్దరిలో ఒకరు కోర్టులో అడ్డం తిరిగాడు. అయినా శిక్ష పడింది. హైకోర్టుకు పోదామంటే అమెరికాలో ఉండే మా అక్క కొడుకు ‘అప్పీలు కోర్టు సాక్ష్యాలను మళ్లీ చూడదు పిన్నీ, పద్ధతిలో తప్పు జరిగితేనే చూస్తుంది’ అంటున్నాడు. అప్పీలుకు పోతే శిక్ష ఇంకా పెరుగుతుందని ఊళ్లో ఒకరు భయపెట్టారు. మా మరిదేమో ఆ కల్లు మండువ సాక్షితో ‘నేను చూడలేదు’ అని అఫిడవిట్ రాయిస్తానని, దానికి ఆయన డబ్బులు అడుగుతున్నాడని చెప్తున్నాడు. ఎకరం అమ్మితే గానీ చేతికి డబ్బు రాదు. ఏం చేయాలో తోచట్లేదు. తీర్పు ఫొటోలు తీసి పంపుతున్నాను.
— పరకాల ప్రాంతం నుంచి ఒక సోదరి

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు మీ మరిదికి ఫోన్ చేసి ఆ సాక్షి గడప తొక్కొద్దని చెప్పండి. కారణం కింద వివరంగా రాస్తాను కానీ ఈ మాట ఇవాళే చెప్పాలి.

రెండోది గడువు. సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద హైకోర్టులో అప్పీలు వేయడానికి లిమిటేషన్ చట్టం 60 రోజులు ఇచ్చింది. తీర్పు చెప్పిన రోజు నుంచి లెక్క. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకుంటే అది తయారవడానికి పట్టిన రోజులను అందులోంచి తీసేస్తారు. నెల దాటిందన్నారు కాబట్టి ఇంకా టైం ఉంది, కానీ చేతులు కట్టుకుని కూర్చునేంత లేదు. ఒకవేళ గడువు దాటినా, ఆలస్యానికి కారణం చూపి అప్పీలు తీసుకోమని అడగొచ్చు. జైల్లో ఉన్న మనిషి విషయంలో కోర్టులు మరీ పట్టుబట్టవు. అయినా ఆ అవసరం రానివ్వకండి.

ఇక మీ అక్క కొడుకు చెప్పిన మాట. అతను అబద్ధం చెప్పలేదు. అతను ఉండే దేశంలో పద్ధతి దాదాపు అలాగే ఉంటుంది. అమెరికా సుప్రీంకోర్టు 1979లో జాక్సన్ వర్సెస్ వర్జీనియా కేసులో ఒక కొలత పెట్టింది. సాక్ష్యాన్నంతా, కేసు నడిపే ప్రభుత్వ పక్షమైన ప్రాసిక్యూషన్‌కు అనుకూలంగానే చదవాలి. అలా చదివాక, సబబుగా ఆలోచించే మనిషి ఎవరైనా దీని మీద ‘నేరం సందేహం లేకుండా రుజువైంది’ అనే నిర్ణయానికి రాగలడా అని చూడాలి. రాగలడు అనుకుంటే శిక్ష నిలుస్తుంది. పైకోర్టు జడ్జిలకు సొంతంగా అనుమానం ఉన్నా సరే, అంతే. అక్కడ పెద్ద కేసుల్లో నిజానిజాలు తేల్చేది ఎక్కువగా జ్యూరీ. జ్యూరీ నమ్మిన సాక్షిని మేం నమ్మం అనడం పైకోర్టు పని కాదని వాళ్లు అనుకుంటారు. దానికి బదులు ముద్దాయికి అక్కడ ఇంకో రక్షణ ఉంది. సాక్ష్యం చాలలేదని పైకోర్టు ఒకసారి తేల్చితే అదే నేరానికి మళ్లీ విచారణ పెట్టడానికి లేదు. 1978లో బర్క్స్ కేసులో ఆ సంగతి ఖాయం చేశారు.

మన దగ్గర జ్యూరీ లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే దానికి చోటు లేకుండా పోయింది. సెషన్స్ జడ్జి ఒక్కరే సాక్షులను విని, ఎవరిని ఎందుకు నమ్మారో, ఎవరిని ఎందుకు నమ్మలేదో కారణాలతో తీర్పు రాస్తారు. ఆ కారణాలను హైకోర్టు ఒక్కొక్కటిగా విప్పి చూస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి తూకం మీద రైతుకు అనుమానం వస్తే చిట్టీ చూసి సరిపెట్టుకోడు, బస్తాను మళ్లీ కాంటా మీద పెట్టిస్తాడు. మన మొదటి అప్పీలు అలా మళ్లీ తూయించడం. అమెరికాలో జరిగేది చిట్టీలో రాసిన అంకె నమ్మదగ్గదా కాదా అని చూడడం.

ఇది నా ఊహ కాదు. శిక్ష పడినవారికి అప్పీలు హక్కు పాత కోడ్‌లో 374వ సెక్షన్ కింద ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 415. అప్పీలు కోర్టు అధికారాలు అప్పుడు 386, ఇప్పుడు 427. వకీళ్లు ఇంకా రెండు నంబర్లూ కలిపి చెప్తుంటారు, కంగారు పడకండి. ఆ అధికారాల్లో శిక్షను పూర్తిగా కొట్టేసి నిర్దోషిగా వదిలేయడం కూడా ఉంది. సాక్ష్యాన్ని తాను స్వయంగా పరిశీలించి, నమ్మాలో వద్దో సొంతంగా నిర్ణయించుకోవడం అప్పీలు కోర్టు బాధ్యత అని సుప్రీంకోర్టు 2000లో లా రిపోర్టుల్లో అచ్చయిన పదం సింగ్ కేసులో చెప్పింది. అంతకుముందు 1995లో అచ్చయిన ఈశ్వర్‌భాయ్ ఫుల్జీభాయ్ పట్నీ కేసులో, హైకోర్టు సాక్ష్యాన్ని సరిగా చర్చించకుండా అప్పీలు తేల్చేయడాన్ని తప్పుపట్టింది. యావజ్జీవ శిక్ష కాబట్టి మీ ఆయన అప్పీలును ఇద్దరు జడ్జిల బెంచ్ వింటుంది. ఆ రోజు మీ వకీలు రాలేదన్న ఒక్క కారణంతో కేసును కొట్టేయకూడదు, రికార్డు చూసే తేల్చాలి అని 1996లో బానీ సింగ్ కేసులో చెప్పారు.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. సాక్షి బోనులో ఎలా నిలబడ్డాడు, ఎదుటి వకీలు ప్రశ్నలు వేసే క్రాస్‌లో ఎక్కడ తడబడ్డాడు, ఏ ప్రశ్నకు తల దించుకున్నాడు అనేవి కళ్లారా చూసింది సెషన్స్ జడ్జిగారే. హైకోర్టు ముందు ఉండేవి కాగితాలు. అందుకే ఫలానా సాక్షి నమ్మదగినవాడని కింది కోర్టు అంటే దానికి కొంత బరువు ఇస్తారు. కానీ ఎవరూ చూడని నేరంలో, పరిస్థితులను బట్టి రుజువు చేసిన కేసులో ఆ బరువు తగ్గుతుంది. ఎందుకంటే అక్కడ అసలు ప్రశ్న సాక్షి ముఖం గురించి కాదు. రుజువైన సంగతులన్నీ కలిపితే మీ ఆయనే చేశాడనే దగ్గరికి చేరుతాయా లేదా అన్నదే. ఆ పని హైకోర్టు జడ్జిలు కూడా అంతే బాగా చేయగలరు. మీ కేసుకు ఇది మేలు చేసే సంగతి.

ఇంకోటి. మీ అక్క కొడుకు మాట మన దగ్గర కూడా కొంతవరకు నిజమయ్యే చోటు ఒకటుంది. అది సుప్రీంకోర్టు. హైకోర్టు కూడా శిక్ష ఖాయం చేశాక ఢిల్లీకి పోతే అది హక్కుగా దొరికే అప్పీలు కాదు. రాజ్యాంగం 136వ అధికరణ కింద ప్రత్యేక అనుమతి అడగాలి. రెండు కోర్టులూ ఒకే మాట చెప్పిన చోట సాక్ష్యం జోలికి మామూలుగా పోరు. కాబట్టి సాక్ష్యం మొత్తాన్ని హక్కుగా మళ్లీ తూయించుకునే అవకాశం మీ ఆయనకు ఈ ఒక్కసారే ఉంది. దీన్ని లాంఛనంగా దాఖలు చేసి బెయిల్ కోసం ఎదురుచూసే కాగితంలా చూడకండి.

మీరు పంపిన తీర్పు రెండుసార్లు చదివాను. ప్రత్యక్ష సాక్షి లేని కేసులను ఎలా చూడాలో సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్ధిచంద్ శారదా కేసులో ఐదు సూత్రాలుగా చెప్పింది. కోర్టులు వాటిని పంచశీల అని కూడా అంటాయి. మీకు ముఖ్యంగా అవసరమైనవి రెండు. ఒకటి, ఆధారపడే ప్రతి సంగతీ ముందు విడిగా పూర్తిగా రుజువు కావాలి. ఇంకోటి, అవన్నీ కలిపితే ముద్దాయి తప్ప వేరెవరూ చేసి ఉండే వీలు లేదనిపించాలి. ‘చేసి ఉండొచ్చు’ అన్నదానికీ ‘చేసే ఉండాలి’ అన్నదానికీ మధ్య దూరం చాలా ఉందని 1973లో శివాజీ సాహెబ్‌రావ్ బోబడే కేసులో చెప్పిన మాటను ఇప్పటికీ దాదాపు ప్రతి తీర్పులో ఎత్తి చూపిస్తారు. అనుమానం ఎంత బలంగా ఉన్నా రుజువు కిందికి రాదు.

ఈ కొలతతో మీ కేసులో మొదట చూడాల్సింది కల్లు మండువ సాక్షిని, అంటే పి.డబ్ల్యూ.4ని (ప్రాసిక్యూషన్ నాలుగో సాక్షి). సాయంత్రం 7 గంటలకు ఇద్దరినీ కలిసి చూశానని, ప్రభుత్వ వకీలు అడిగే చీఫ్‌లో చెప్పాడు. క్రాస్‌లో మాత్రం ‘చీకటి పడ్డాక, టైం సరిగ్గా చెప్పలేను’ అన్నాడు. తీర్పు 12వ పేరాలో ఇంకో వాక్యం ఉంది, దాన్ని జడ్జిగారు ఎత్తి రాసి పెద్దగా చర్చించకుండా ముందుకు వెళ్లారు: ‘పోలీసులు నన్ను అడిగేవరకు ఈ విషయం నేను ఎవరికీ చెప్పలేదు.’ పోలీసులు అడిగింది శవం దొరికిన 18 రోజులకు. ఒకే ఊరి మనిషి. ఊరంతా శవం గురించే మాట్లాడుకుంటుంటే, చివరిసారి చూసినవాడు 18 రోజులు నోరు మెదపలేదట. ఎందుకు మెదపలేదో రికార్డులో కారణం లేదు. కారణం లేని ఇంత ఆలస్యాన్ని పైకోర్టులు తేలిగ్గా తీసుకోవు. పైగా ఆ మండువలో కల్లు పోసిన గౌడ్‌ను సాక్షిగా పెట్టలేదు. ఇద్దరూ అక్కడికి వచ్చారా, కలిసే వెళ్లారా, ఎప్పుడు వెళ్లారు అనేది ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? అందుబాటులో ఉన్న ముఖ్యమైన సాక్షిని ప్రాసిక్యూషన్ పక్కన పెడితే, అతను చెప్పేది వాళ్లకు అనుకూలంగా ఉండేది కాదేమో అని కోర్టు అనుకోవచ్చు.

ఆ సాక్షిని నమ్మినా సమయం సంగతి మిగిలే ఉంటుంది. శవపరీక్ష మర్నాడు సాయంత్రం 4 గంటలకు చేశారు. చనిపోయి 12 నుంచి 24 గంటలు అయి ఉండొచ్చని డాక్టర్ చెప్పారు. వెనక్కి లెక్కపెడితే ముందురోజు సాయంత్రం 4 నుంచి తెల్లవారుజామున 4 వరకు ఎప్పుడైనా కావచ్చు. చివరిసారి చూశానన్నది 7 గంటల ప్రాంతంలో. అంటే ఇంకో తొమ్మిది గంటల దాకా ఎవరైనా ఆయన్ని కలిసే వీలుంది. కాలువ గట్టంటే, నీళ్లు పెట్టుకునే రైతులు రాత్రిళ్లు కూడా నడిచే దారి. చివరిసారి కలిసి చూడటానికీ శవం దొరకటానికీ మధ్య టైం ఎంత తక్కువగా ఉంటే, మూడో మనిషి వచ్చే వీలు ఎంత లేకపోతే ఆ సాక్ష్యానికి అంత విలువ. 2006లో మన ఉమ్మడి రాష్ట్రం నుంచే వెళ్లిన రామిరెడ్డి రాజేష్ ఖన్నా రెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పి, అలాంటప్పుడు కూడా వేరే బలపరిచే సాక్ష్యం ఉందేమో వెతకాలంది. మీ అప్పీలులో అన్నిటికంటే గట్టి పాయింటు ఇదే అని నా అభిప్రాయం.

ఇప్పుడు గొడ్డలి. ఇక్కడ మీరు అనుకుంటున్నదానికీ నేను చెప్పబోయేదానికీ తేడా ఉంది. పంచనామా సాక్షి (పంచ్) ఒకరు అడ్డం తిరిగాడు కాబట్టి గొడ్డలి సాక్ష్యం పోయిందని మీరు అనుకుంటున్నారు. పోలేదు. రెండో పంచ్ ప్రభుత్వ ఉద్యోగి, ఆయన నిలబడి చెప్పాడు. ఆయన లేకపోయినా దర్యాప్తు అధికారి మాట నమ్మదగ్గట్టు ఉంటే కోర్టు దాన్ని తీసుకోవచ్చు. అడ్డం తిరిగిన సాక్షి చెప్పినదంతా తుడిచిపెట్టుకుపోదు, అందులో నమ్మదగిన ముక్కను వాడుకోవచ్చని 1976లో అచ్చయిన భగవాన్ సింగ్ కేసులో తేలింది. హైకోర్టులో మీ వకీలు అరగంట పంచ్ మీదే వాదిస్తే ఆ అరగంట వృథా.

వాదించాల్సింది ఆ గొడ్డలి ఏం చెప్తుందన్న దాని మీద. పోలీసుల ముందు ముద్దాయి చెప్పిన మాటల్లో ఎంత ముక్క సాక్ష్యంగా పనికొస్తుందో 1947లో రిపోర్టయిన పులుకూరి కొట్టయ్య కేసులో అప్పట్లో మనకు అన్నిటికంటే పైకోర్టయిన ప్రివీ కౌన్సిల్ గీత గీసింది. ఆ కేసు వెళ్లింది గుంటూరు ప్రాంతం నుంచి. ‘గొడ్డలిని కొట్టంలో దాచాను, చూపిస్తాను’ అన్న ముక్క పనికొస్తుంది, ఎందుకంటే ఆ మాటవల్లే వస్తువు బయటపడింది. ‘దాంతోనే నరికాను’ అన్న ముక్క పనికిరాదు. కాబట్టి ఆ గొడ్డలికీ హత్యకూ సంబంధం వేరే సాక్ష్యంతో కలపాలి. మన ఊళ్లలో గొడ్డలి లేని రైతు ఇల్లు ఎక్కడుంది? కొట్టానికి తలుపు, తాళం ఉన్నాయా, అందరూ తిరిగే చోటా అన్నది క్రాస్‌లో అడిగారో లేదో సాక్ష్యం కాగితాల్లో చూడాలి. ల్యాబ్ రిపోర్టు మానవ రక్తమే అంది, గ్రూపు తేలలేదంది. గ్రూపు తేలకపోతే సాక్ష్యం చెల్లదనే గట్టి సూత్రం లేదు, చెల్లుతుందనే సూత్రమూ లేదు. ఏ కేసుకు ఆ కేసే అని సుప్రీంకోర్టు 2019లో బల్వాన్ సింగ్ కేసులో చెప్పింది. మిగతా సాక్ష్యం బలంగా ఉంటే ఇది దానికి తోడవుతుంది, మిగతాది పలచనైతే ఇదొక్కటే శిక్షను మోయలేదు. గొడ్డలిని డాక్టర్‌కు చూపించి, గాయాలు దీంతో కావచ్చా అని అడిగారా లేదా అన్నది కూడా చూడండి. తీర్పులో ఆ ప్రస్తావన నాకు కనిపించలేదు.

ఫోన్ టవర్ గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. మీ ఇల్లు, కల్లు మండువ, కాలువ గట్టు అన్నీ ఒకే టవర్ పరిధిలోకి వస్తే, మీ ఆయన ఇంట్లో పడుకున్నా రికార్డు అదే చూపిస్తుంది. కాల్ రికార్డుకు కంప్యూటర్ రికార్డులకు పాత సాక్ష్య చట్టం అడిగే 65బి సర్టిఫికెట్ జతచేశారో లేదో కూడా చూడాలి. అది తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో తేల్చారు.

ఇదంతా చదివి కేసు గెలిచినట్టే అనుకోకండి. డబ్బు గొడవ నిజమని మీరే రాశారు. అది హత్యకు కారణం కింద నిలుస్తుంది. జడ్జిగారు ప్రశ్నలు అడిగినప్పుడు మీ ఆయన ‘అబద్ధం, నాకు తెలియదు’ అని తప్ప ఇంకేమీ చెప్పలేదు, ఆ సాయంత్రం ఎక్కడున్నారో చెప్పలేదు. సెషన్స్ కోర్టు దీన్ని ఆయనకు వ్యతిరేకంగా రాసుకుంది. దీనికి జవాబు శారదా తీర్పులోనే ఉంది. ముద్దాయి వివరణ ఇవ్వకపోవడం, తప్పుడు వివరణ ఇవ్వడం అప్పటికే పూర్తయిన రుజువుకు తోడవుతుంది తప్ప, ప్రాసిక్యూషన్ వదిలేసిన ఖాళీని పూడ్చదు. ఆ ప్రశ్నల కాగితాన్ని, అంటే పాత 313 స్టేట్‌మెంటును, మీ వకీలు పట్టి పట్టి చదవాలి. గొడ్డలి మీద రక్తం గురించి గానీ టవర్ గురించి గానీ అసలు ప్రశ్నే వేయకుండా తీర్పులో వాడుకుంటే అది పెద్ద పాయింటు. దానివల్ల ముద్దాయికి నష్టం జరిగిందని కూడా చూపించగలగాలి.

ఇప్పుడు మీ మరిది సంగతి. హైకోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూస్తుందన్నాను కదా, తూసేది ఫైల్లో ఉన్న సాక్ష్యాన్ని. సాక్షులను మళ్లీ పిలవరు. అప్పీలు కోర్టు అదనపు సాక్ష్యం తీసుకునే వీలు పాత 391, ఇప్పటి 432 సెక్షన్‌లో ఉంది కానీ ఆ దారి చాలా ఇరుకు. విచారణ నాటికి తేలేకపోయిన గట్టి కాగితం ఏదైనా, ఆ రాత్రి మీ ఆయన వేరే ఊరి ఆస్పత్రిలో ఉన్నట్టు రికార్డు లాంటిది దొరికితే అడగొచ్చు. ప్రమాణం చేసి ఒక మాట చెప్పిన సాక్షి, శిక్ష పడ్డాక మాట మారుస్తూ రాసిచ్చే అఫిడవిట్ ఆ దారిలో పట్టదు. ఎవరు రాయించారో జడ్జిలకు చూడగానే అర్థమవుతుంది. ఆ సాక్షి మీద తప్పుడు సాక్ష్యం కేసు పడొచ్చు, డబ్బులిచ్చిన మీ మరిదీ ఇరుక్కోవచ్చు. రేపు ఆ సాక్షే ‘ముద్దాయి తమ్ముడు డబ్బు ఇవ్వజూపాడు’ అని చెప్తే మీ ఆయన బెయిల్ దరఖాస్తు కూడా అక్కడే ఆగిపోతుంది. ఇన్నిటికీ మించి, ఆ మనిషి క్రాస్‌లో చెప్పిన మాటలే ఇప్పుడు మీకు ఆధారం. రికార్డులో ఉన్న మంచిని అలాగే ఉండనివ్వండి. ఇంటిమీద ప్రేమతోనే మీ మరిది ఈ ఆలోచన చేశాడని నాకు తెలుసు, అందుకే కోప్పడకుండా నెమ్మదిగా చెప్పండి.

శిక్ష పెరుగుతుందన్న భయం అక్కర్లేదు. ముద్దాయి వేసుకున్న అప్పీలులో శిక్షను పెంచే అధికారం కోర్టుకు లేదని చట్టంలోనే రాసి ఉంది. శిక్ష చాలలేదనుకుంటే ప్రభుత్వం విడిగా అప్పీలు వేయాలి, అప్పుడు కూడా మీ ఆయన వాదన వినాలి. మీ అప్పీలులో రాగలిగినవి నిర్దోషిగా విడుదల, శిక్ష ఖాయం, లేదా హత్య కాకుండా తక్కువ నేరం కిందికి మార్చి శిక్ష తగ్గించడం. అరుదుగా మళ్లీ విచారణ చేయమంటారు. తక్కువ నేరం వాదన, అంటే పాత ఐపీసీ 304, తాగిన మీద గొడవలో జరిగిందనే పద్ధతిలో ఉంటుంది. ‘అసలు చేయలేదు’ అనే వాదన పక్కన దీన్ని ఎంతవరకు పెట్టాలనేది వకీలు, మీ ఆయన కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. పైన చెప్పిన లోపాలను చూస్తే మొదటి వాదననే నేను ముందు పెడతాను.

బెయిల్ కోసం అప్పీలుతో పాటే శిక్ష నిలుపుదల దరఖాస్తు వేస్తారు, పాతది 389, ఇప్పుడు 430. హత్య కేసులో మొదటి నెలల్లోనే వస్తుందని ఆశ పెట్టుకోకండి. ఈ దశలో సాక్ష్యాన్ని లోతుగా తూయకూడదు, తీర్పులో పైకే కనిపించే లోపం ఉంటేనే నిలుపుదల ఇవ్వాలని 2023లో ఓంప్రకాశ్ సాహ్ని కేసులో చెప్పారు. 18 రోజుల ఆలస్యం అలాంటి లోపమని వాదించొచ్చు. రాకపోతే అప్పీలు ఎంత ఆలస్యమైతే అంత బలంగా మళ్లీ అడగొచ్చు. ఏళ్ల తరబడి అప్పీలు వినలేనప్పుడు మనిషిని లోపలే ఉంచడం న్యాయం కాదని సుప్రీంకోర్టు 1977లోనే కశ్మీరా సింగ్ కేసులో అంది. శిక్ష పడ్డాక కనీసం 5 ఏళ్లు జైల్లో ఉండి, అప్పీలు ఇంకా తేలని జీవిత ఖైదీలు కొన్ని షరతులతో బెయిల్ అడగొచ్చని మన ఉమ్మడి హైకోర్టు 2016లో బత్చు రంగారావు కేసులో దారి చూపింది. ఐదేళ్లనే మాట మీకు ఎంత బరువుగా ఉంటుందో తెలుసు. కానీ తప్పుడు ఆశ పెట్టి మీ చేత ఇంకో అరెకరం అమ్మించడం నాకు ఇష్టం లేదు.

డబ్బు గురించి. ఇప్పుడే భూమి బేరం పెట్టకండి. లీగల్ సర్వీసెస్ చట్టం 1987 ప్రకారం జైల్లో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచితంగా వకీలును ఇవ్వాలి. మీ ఆయన జైలు సూపరింటెండెంట్ ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు, దానికి పాత 383, ఇప్పటి 424 సెక్షన్ ఉంది. హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ వకీలును పెడుతుంది. మీరు హనుమకొండ అదాలత్‌లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లి అడగొచ్చు, లేదా 15100కు ఫోన్ చేయొచ్చు. ఉచిత వకీలంటే చిన్నచూపు వద్దు, ఫైలు చదివే వకీలే మంచి వకీలు. సొంతంగా పెట్టుకుంటే ఫీజు మాట్లాడేముందు ఒక్కటే అడగండి: సాక్షుల వాంగ్మూలాలన్నీ మీరే చదువుతారా, జూనియర్‌తో సంక్షిప్తం రాయించుకుంటారా?

తీర్పు కాపీ ఖైదీకి ఉచితంగా ఇవ్వాలి, దరఖాస్తు పెడితే వీలైనంతవరకు సొంత భాషలో అనువాదం కూడా. మిగతా కాగితాలకు సోమవారమే మీ సెషన్స్ కోర్టు వకీలుతో కాపీ అప్లికేషన్ వేయించండి: సాక్షులందరి వాంగ్మూలాలు, పంచనామాలు, శవపరీక్ష రిపోర్టు, ల్యాబ్ రిపోర్టు, 313 స్టేట్‌మెంటు. పాత 161 కింద పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంట్ల కాపీలు విచారణ మొదట్లోనే మీ ఆయనకు ఇచ్చి ఉంటారు, అవి ఆ వకీలు దగ్గరే ఉండాలి. అందులో పి.డబ్ల్యూ.4 స్టేట్‌మెంటు వెతికి, దాని మీద ఉన్న తేదీనీ, అది మేజిస్ట్రేట్ కోర్టుకు చేరిన తేదీనీ చూడండి. రెండింటి మధ్య కూడా రోజులు గడిచి ఉంటే హైకోర్టు వకీలుకు ఇచ్చే కట్టలో ఆ కాగితాన్నే అన్నిటికంటే పైన పెట్టండి.